ముప్పై ఒకటో సమాధిలో నాణెం

పోయిన వారం డోర్కాస్ లార్టర్‌ని మోకాళ్ల మీద, బురదలో, ముప్పై ఒకటో సమాధిలో వదిలేసి వచ్చాం. స్టౌలింగ్‌హమ్ ఊరి బయట కెరిడ్జ్ వాళ్ల చక్కెరదుంపల చేలో అరవై ఇళ్లు లేవబోతున్నాయి. ఇళ్లకంటే ముందు అక్కడ కింద పడుకున్నవాళ్లను జాగ్రత్తగా లేపి పక్కన పెట్టే పని డోర్కాస్ జట్టుది. ముప్పై సమాధులు సజావుగానే సాగాయి. ఆడవాళ్లకు భుజాల దగ్గర బట్టకు గుచ్చుకునే నగలు, బ్రోచ్‌లు, నడుము దగ్గర కత్తి. మగవాళ్లకు పక్కన బల్లెం. పదిహేను వందల ఏళ్ల కిందట ఆ చుట్టుపక్కల పోయినవాళ్లను అలాగే సాగనంపేవారు. ముప్పై ఒకటో సమాధిలో పడుకున్న ఆడమనిషికి మాత్రం నడుము కింద అన్నీ ఉన్నాయి, నడుము పైన ఏమీ లేవు. కంఠం కింది ఎముక మీద చిలుము పచ్చగా మరక కట్టి ఉంది గాని, ఆ మరక పెట్టిన బ్రోచ్ లేదు. అది ఉండాల్సిన చోట రెండు పెన్నీల నాణెం ఒకటి, రాణిగారి బొమ్మ పైకి వచ్చేలా, మట్టసంగా పెట్టి ఉంది. 1984 నాటిది. దాని పక్కన మట్టిపెళ్లలో బొటనవేలి గోరంత ముక్క, బంగారు పూతది.

నాణెం చూడగానే జట్టు మొత్తం ఒకే మాట అన్నారు, దొంగలని. చెవులకు బిళ్లలు తగిలించుకుని, లోహాన్ని పసిగట్టే కర్రలు పట్టుకుని చేలమీద పడేవాళ్లకు ఆ దేశంలో కొదవ లేదు. తవ్వకాల పని చూసే మేనేజరు కోలిన్ మాబ్స్ కూడా అదే అన్నాడు. సమాధి కార్డు మీద ‘దొంగలు తవ్వినది’ అని రాసి సంతకం పెట్టి ముప్పై రెండోదానికి పదమన్నాడు. అతగాడికి ఎప్పుడూ తర్వాతి సమాధి మీదే ధ్యాస.

డోర్కాస్ సంతకం పెట్టలేదు. ఎందుకంటే దొంగ దోచుకుని పోతాడు గాని, పోతూ పోతూ నాణెం పెట్టి పోడు. అది తవ్వేవాళ్ల ఆనవాయితీ. పని ముగించి గొయ్యి పూడ్చేముందు ఆ ఏటి నాణెం ఒకటి అడుగున పెడతారు. వందేళ్ల తర్వాత ఇంకెవరైనా తవ్వుకుంటూ వస్తే, ఓహో, మనకంటే ముందు ఫలానా ఏట ఒకరు ఇంతవరకూ వచ్చారు, ఇక కింద వెతకక్కర్లేదు అని తెలుసుకోవడానికి. అంటే ముప్పై ఒకటో సమాధిని తెరిచినవాళ్లు పరాయివాళ్లు కారు. చదువుకున్నవాళ్లు, పద్ధతి తెలిసినవాళ్లు, తన వాళ్లే. తెరిచి, నగలు తీసుకుని, ఏ కాగితం మీదా ఒక్క ముక్క రాయకుండా వెళ్లిపోయారు.

ఎవరన్నది కూడా డోర్కాస్‌కి తెలుసు. అదే ఆవిడ బాధ. ఆ గోరంత ముక్కని కడిగి చూసేసరికి అందులో ఒక జంతువు ముక్కు, ఒక కన్ను కనిపించాయి. జిల్లా మ్యూజియంలో అద్దాల పెట్టెలో, దీపం కింద, ఒంటరిగా ఒక బ్రోచ్ ఉంటుంది. అరచెయ్యంత పొడుగు, బంగారు పూత, కింది కొస విరిగిపోయి ఉంటుంది. హాలో గుట్ట మీద దొరికిందని పక్కన రాసి ఉంటుంది. డోర్కాస్ ఆ బ్రోచ్‌ని ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. ఆ విరిగిన అంచు ఎటు వంకర తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. చేతిలో ఉన్న ముక్క ఆ వంకరకి అతుకుతుంది.

ఆ గుట్ట మీద ఆ బ్రోచ్‌ని తవ్వి తీసినాయన ఆల్విన్ థర్టిల్. ఆవిడకు మట్టి గీకే తాపీ పట్టుకోవడం నేర్పిన గురువు.

గురువారం పొద్దున పది గంటలకు, జట్టుకి పని అప్పగించి, ముక్క ఫొటో ఒకటి కోటు జేబులో పెట్టుకుని డోర్కాస్ కారెక్కింది. సముద్రం ఒడ్డున థర్టిల్ గారి ఇంటికి నలభై నిమిషాల దారి. దారంతా ఆవిడ ఒకటే అనుకుంది. నేను పొరపాటుపడి ఉండాలి, దేవుడా, నేనే పొరపాటుపడి ఉండాలి అని.

తలుపు తీసింది ఆయన భార్య ఎనిడ్. ఎనభై ఒకటేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆల్విన్ అచ్చువేసిన ప్రతి ప్లానూ, ప్రతి బొమ్మా ఆవిడ చేతి గీతే. ఆయన పెద్ద పుస్తకంలో ముందుమాట చివర ఆవిడకు ఒక్క వాక్యం దక్కింది. కాళ్లు తుడుచుకుని రమ్మంది, నిన్ననే ఊడ్చానంది, కెటిల్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆల్విన్ కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ల మీద కంబళి కప్పుకుని కూర్చున్నాడు. ఎనభై నాలుగేళ్లు. కాళ్లు మొరాయించాయి గాని నాలుక మొరాయించలేదు. ఆ జిల్లాలో తవ్వేవాళ్లంతా ఆయన్ని డాక్టర్ అంటారు, పేరు పెట్టి పిలవరు. వచ్చే శనివారం మ్యూజియంలో ఆయన పేరుతో ఒక గది తెరుస్తున్నారు. ఆ రోజు మాట్లాడవలసిన నాలుగు ముక్కలు రాసుకుంటున్నాడు.

“ఇంకా ఆ టోపీయేనా?” అన్నాడు డోర్కాస్‌ని చూసి. “దాన్ని కూడా ఏదో సమాధిలోంచి తీశావు కదూ.”

ఇంకో రోజైతే డోర్కాస్ కూడా ఏదో ఒకటి అంటించేది. ఇవాళ నవ్వు రాలేదు. ఆయన గది గురించి చెప్పుకుపోయాడు. గోడ మీద అక్షరాలు చీమల బారులా రాయించారట, ముసలివాళ్లెవరూ చదవలేరట. డోర్కాస్ కాసేపు తలూపింది. ఆఖరికి ఫొటో తీసి ఆయన కాగితాల మీద పెట్టింది.

“ముప్పై ఒకటిలో దొరికింది. కెరిడ్జ్ వాళ్ల చేలో,” అంది.

ఆల్విన్ భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దాన్ని దాని సంచిలో పెట్టి తాడు బిగించాడు. ఆ కాలంలో ఆ తరహా బ్రోచ్‌లు చాలా చేసేవారనీ, ఒకే అచ్చులో ఇలాంటివి ఎన్నో పోసి ఉంటారనీ అన్నాడు. ముక్కూ కన్నూ కలిసినంత మాత్రాన కంగారుపడకూడదన్నాడు.

“ఒక మట్టి అచ్చులో ఒక్కటే వస్తుంది, పగలగొడితే గాని సరుకు బయటికి రాదు, అందుకే ఏ రెండూ ఒక్కలా ఉండవు. నాకు మొదటిరోజు క్లాసులో ఈ మాట చెప్పింది మీరే, డాక్టర్.”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. సముద్రం బూడిదరంగులో ఉంది. అయితే దొంగల పనై ఉంటుందన్నాడు. గుట్ట మీద కొన్నాళ్లు, చేలో కొన్నాళ్లు తవ్విన దొంగ ఎవడో అటుది ఇటు పారేసి ఉంటాడన్నాడు. ఇంత తెలివైన మనిషి ఇంత తెలివితక్కువ మాట అంటాడని డోర్కాస్ ఎన్నడూ అనుకోలేదు. ఆవిడకు కోపం కంటే ముందు సిగ్గేసింది, ఆయన తరఫున.

“దొంగ నాణెం పెట్టి పోడు, డాక్టర్.”

“ఏ నాణెం?”

అబద్ధమాడే మనిషి గొంతు కాదది. ఆయనకు నిజంగానే తెలియదు. డోర్కాస్ ఒక్క క్షణం ఆశపడింది. తెలియదంటే ఈయన కాదేమో, ఇంకెవరో అయి ఉంటారేమో అనుకుంది. 1984, రెండు పెన్నీలు, ఎముక మీద మరక ఉన్నచోటే పెట్టి ఉంది, అని చెబుతూండగానే టీ పళ్లెం పట్టుకుని ఎనిడ్ వచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. కప్పులు సర్దింది.

“నేను పెట్టాను,” అంది.

ఆల్విన్ పెళ్లాం వైపు తిరిగాడు. యాభై ఐదేళ్ల కాపురం వాళ్లది. ఆవిడ గురించి తనకు తెలియనిది ఒకటుందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

ఎనిడ్ కూర్చుని, టీ పోస్తూ, మామూలుగా చెప్పుకొచ్చింది. ఆ ఏడు గుట్ట మీద ఆరు వారాలు తవ్వారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, ఆ ఏడు ఎలుక కూడా దొరకలేదు. అలాంటప్పుడు హొరేస్ కెరిడ్జ్ కబురు పెట్టాడు. ఇప్పుడున్న కెరిడ్జ్‌కి తండ్రి. చేలో నీళ్లు పోవడానికి కాలవ తవ్విస్తుంటే ఎముకలు పడ్డాయన్నాడు. ఒక్క ఆదివారం ఇస్తాను, చూసుకుని పొండి, కానీ నా చేను పేరు ఎక్కడా రాయకూడదు, రాశారంటే సర్కారువాళ్లు వచ్చి నా చేను దున్నుకోనివ్వరు, అన్నాడు. ఆల్విన్ సరేనని చెయ్యి కలిపాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరే వెళ్లారు. కాలవ వెంట పైమట్టి గీకి చూశారు. ఒక్క సమాధి తెరిచారు. నడుము దాకా వచ్చేసరికి పొద్దు వాలింది. తీసినవి తీసుకుని మట్టి కప్పేశారు.

ఇంటికొచ్చి వంటింటి సింకులో ఆ బ్రోచ్ కడిగితే బంగారం మెరిసిందట. అప్పటిదాకా గుట్ట మీద ఖర్చుపెట్టిన వేసవికి ఏం చూపించాలా అని ఆల్విన్ నిద్రపోవడం లేదు. చేను పేరు రాయకూడదు, బ్రోచ్‌ని దాచుకోకూడదు. చివరికి దాన్ని గుట్ట మీద దొరికినవి వేసే పెట్టెలో పెట్టాడు. ఒక్క సమాధి, ఒక్క బ్రోచ్, ఎవరికి నష్టం అన్నాడు.

“కాగితం మీద అబద్ధం రాస్తానంటే రాసుకోమన్నాను,” అంది ఎనిడ్. “మట్టిలో కూడా అబద్ధం ఉంచడానికి నాకు మనసు రాలేదు. ఆ ఆదివారం చేలోనే అనుమానమొచ్చింది, ఈయన ఆ చేను పేరు ఎప్పటికీ రాయడని. మట్టి కప్పేముందు ఈయన తీసినవి కారులో పెడుతుంటే నేను వెనక్కి వెళ్లి పర్సులోంచి నాణెం తీసి పెట్టాను. ఎవరో ఒకరు వస్తారని తెలుసు. అది నువ్వవుతావనుకోలేదు, డోర్కాస్.”

డోర్కాస్ కప్పు పట్టుకుంది గాని తాగలేదు. ఆ గుట్ట మీద దొరికిన ఒకే ఒక్క బ్రోచ్‌ని పట్టుకుని ఆల్విన్ ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆ కాలంలో సముద్రం దాటి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్ల మొదటి తరంలో కలవారు తమవాళ్లను గుట్టల మీద, ఊళ్లకేసి చూసేలా పెట్టేవారనీ, లేనివారు కింద చేలల్లో పెట్టేవారనీ అందులో సారం. ఆ మాట మీద డోర్కాస్ డాక్టరేటు చేసింది. జిల్లాలో ఉన్న సమాధుల్ని అన్నిటినీ ఆ కొలతతోనే కొలిచింది. అదే పిల్లలకు పాఠం చెప్పింది. ఇప్పుడు చూస్తే కలవారి ఆడపడుచు కింద చేలోనే ఉంది, మామూలువాళ్ల మధ్యే ఉంది. గుట్ట మీద ఎవరూ లేరు.

“నా ముప్పై ఏళ్ల చదువు ఆ గుట్ట మీద కట్టాను,” అంది డోర్కాస్. “థీసిస్ రాస్తున్నప్పుడు ప్రతి అధ్యాయం మీకే చూపించాను. ఎర్ర సిరాతో కామాలు దిద్దారు. ఒక్కసారి, ఒక్కసారి నోరు విప్పి ఉంటే?”

ఆల్విన్ చెప్పుకొచ్చాడు. మొదటి ఏడాది చెబుదామనుకున్నాడట. హొరేస్ బతికి ఉన్నాడు, మాట ఇచ్చాడు. హొరేస్ పోయేసరికి పుస్తకం వచ్చేసింది. పుస్తకం వచ్చాక చెప్పడం ఎలాగో తెలియలేదు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి ఆడలేదనీ, ఊరికే నోరు మూసుకున్నాననీ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఎనిడ్ తల ఎత్తి ఆయనకేసి చూసి మళ్లీ దించుకుంది. డోర్కాస్ అది చూసింది గాని అప్పటికి అర్థం కాలేదు.

“నాకు ఎనభై నాలుగు,” అన్నాడాయన. “ఎన్నాళ్లుంటాను? నేను పోయాక నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో, అమ్మాయ్. నువ్వే రాయి, ఇంకెవరూ వద్దు. ఈ కార్డు ఒక్కటీ ‘దొంగలు’ అని పెట్టెయ్.”

యాభై ఏడేళ్ల డోర్కాస్‌ని ఇంకా అమ్మాయ్ అని పిలిచేది ఈ లోకంలో ఆయనొక్కడే. ఆ పిలుపు ఆవిడను సగం కరిగించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన సరేననబోయింది. పోయేవాడి పరువు పోనివ్వడమెందుకు, ఒక కార్డే కదా, చచ్చినామె వచ్చి అడుగుతుందా అని మనసు ఒకవైపు లాగింది. ఎవరికైనా లాగుతుంది.

ఎనిడ్ లేచి వెళ్లి కుట్టుపెట్టె తెచ్చింది. ఊలు ఉండల కిందనుంచి, స్వెట్టర్ల నమూనా కాగితాల మధ్యనుంచి, పచ్చ అట్ట నోటుబుక్కు తీసి డోర్కాస్ ఒళ్లో పెట్టింది. ఆ ఆదివారం గీసిన ప్లాను. ఇది కూడా ఆల్విన్‌కి తెలియదు. ఎప్పుడో కాల్చేశానని చెప్పిందట.

పెన్సిలు గీత నలభై ఏళ్లకి వెలిసిపోయింది గాని ఎనిడ్ గీత కదా, కొలతలతో సహా చదవొచ్చు. మధ్యలో కాలవ, పక్కన తెరిచిన సమాధి, అందులో పడుకున్న మనిషి, భుజం మీద బ్రోచ్. డోర్కాస్ నిన్నంతా ఏ ఎముకల పక్కన మోకరిల్లిందో అవే ఎముకలు, అదే తీరులో, వంగిన అదే మోకాలు. ఆవిడకి ఒక రకంగా తృప్తి కూడా కలిగింది. ఎంత చక్కగా గీసింది ఈ మనిషి అనుకుంది. తర్వాత కాగితం పైభాగం చూసింది.

కాలవకి ఉత్తరాన వరసగా పొడుగాటి గుర్తులున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో అంకె. పదకొండు.

“ఇవేంటి?”

“మట్టి గీకినప్పుడు కనిపించినవి. నల్లగా, సమాధులంత పొడుగు, ఒకే వరసలో. అవి తెరవలేదు, టైము లేదు. గీసి ఉంచాను,” అంది ఎనిడ్.

ఆ చేలో ఉత్తరం ముక్కలో డోర్కాస్ ఒక్క గొయ్యి కూడా తవ్వి చూడలేదు. మూడు వారాల కిందట అక్కడ ఏమీ లేదని సంతకం పెట్టి బిల్డరుకి వదిలేసింది. అందులో ఆవిడ బద్ధకం ఏమీ లేదు. జిల్లా మ్యాపులో ఆ ముక్క మీద అడ్డగీతలు గీసి ఉన్నాయి. పాత కంకర గొయ్యి, మట్టి మొత్తం పోయింది, ఏమీ మిగల్లేదు అని రాసి ఉంది. ఆ మ్యాపు 1985లో డాక్టర్ తయారుచేసింది. ఆ జిల్లాలో తవ్వేవాళ్లకు డాక్టర్ గీసిందే గీత. ఆయన కంకర గొయ్యి అన్నచోట తాపీ పెట్టేవాడు లేడు, ఆయన శిష్యురాలైతే అసలే పెట్టదు.

“అక్కడ ఎప్పుడైనా కంకర తీశారా, డాక్టర్?”

ఆయన భూతద్దం సంచి తాడు మళ్లీ బిగించాడు.

“ఎప్పుడూ తీయలేదు,” అంది ఎనిడ్. “ఆ మరుసటేడు పైపులైను వేసేవాళ్లు అటువైపు వస్తారని విన్నాడు. ఆ వరస బయటపడితే దాని వెంట తెరిచిన సమాధి దాకా తవ్వుకుంటూ వస్తారని ఆ గీతలు గీశాడు. నోరు మూసుకున్నానంటాడేంటి, చేత్తోనే ఆడాడు రెండో అబద్ధం.”

డోర్కాస్ గోడ గడియారం చూసింది. పదకొండు ముప్పావు. ఉత్తరం ముక్కలో మొదటి వరస ఇళ్లకు పునాది గాడులు నిన్ననే తవ్వేశారు. ముప్పై ఒకటో సమాధిలో తలవంచుకుని ఉండగా పొక్లెయిన్ చప్పుడు వింది, తలెత్తి చూడలేదు. ఈ మధ్యాహ్నం కాంక్రీటు. గాడి తవ్వినప్పుడు ఎవరి కాళ్లు పోయాయో, ఎవరి తల పోయిందో, మిగిలినవైనా ఇంకా గాడుల పక్కల్లో ఉంటాయి. వాటి మీద కాంక్రీటు పడిందంటే ఆ ఇళ్లు కూలేదాకా ఎవరూ చూడలేరు. పదకొండుమంది. ఎవరిని సంతకం పెట్టి బిల్డరుకి అప్పగించిందో ఆవిడకు అప్పుడు తెలిసింది.

ప్లాను ఫొటో తీసి కోలిన్‌కి పంపింది, వెంటనే ఫోను చేసింది. లారీ గేటు దగ్గరే ఉందన్నాడతను. ఆపమంది. ఎందుకు ఆపాలన్నాడు, ఏమీ లేదని నువ్వే కదా రాసిచ్చావన్నాడు. తప్పు రాశానంది. కోలిన్ చెడ్డవాడేమీ కాదు. కాసేపు ఫొటో చూసినట్టున్నాడు.

“ఇందులో ఊరి పేరు లేదు, చేను పేరు లేదు, తేదీ లేదు. ఇది మన చేనే అని బిల్డరుకి ఏమని చెప్పను? వాడి దగ్గర జిల్లా మ్యాపు ఉంది, నీ సంతకం ఉంది. ఆ మ్యాపు తప్పని ఎవరంటారు?”

హొరేస్‌కి ఇచ్చిన మాట ప్రకారం ఎనిడ్ చేను పేరు రాయలేదు. జిల్లా ఆఫీసుకి చేస్తే లాభం లేదని డోర్కాస్‌కి తెలుసు. భోజనాల వేళ అక్కడ ఫోను మోగడమే గాని ఎత్తేవాళ్లుండరు. తప్పని డాక్టరే చెబితే ఆపుతావా అని అడిగింది. ఆయన చెబితే ఎందుకాపను, ఇప్పుడే వెళ్లి లారీకి అడ్డం నిలబడతానన్నాడు కోలిన్.

డోర్కాస్ ఫోను చేత్తో పట్టుకుని గురువు వైపు చూసింది. అడగక్కర్లేదు, ఆయన అంతా విన్నాడు. మోకాళ్ల మీది కంబళి సర్దుకున్నాడు. ముఖంలో రక్తం లేదు. పాపం, ఆ పదకొండు గుర్తులు ఆయన కూడా ఆ ఆదివారం కళ్లారా చూసినవాడే.

“ఇటివ్వు,” అని చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూసి డోర్కాస్‌కి ఏడుపొచ్చింది. తప్పు చేసినా చివరికి తన గురువే అనుకుంది. ఫోను ఇచ్చేసింది.

ఆల్విన్ గొంతు సవరించుకున్నాడు.

“కోలిన్, థర్టిల్‌ని మాట్లాడుతున్నా. బాగున్నావా? ఏం లేదు, ఆ మ్యాపులో ఉన్నదే సరైంది. అక్కడ కంకర గొయ్యే. ఆ కాగితం ఇంకేదో ఊరిది. మా ఆవిడకి ఈమధ్య జ్ఞాపకం నిలకడగా ఉండటం లేదు, ఆవిడ మాట విని డోర్కాస్ కంగారుపడింది. మీ పని మీరు కానివ్వండి.”

ఫోను కట్టేసి బల్ల మీద, టీ పళ్లెం పక్కన పెట్టాడు. ఎవరి ముఖమూ చూడకుండా తన కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను పట్టుకున్నాడు.

డోర్కాస్ జీవితంలో చాలా ఎముకలు చూసింది, చావు చూసింది, ఇద్దరు అన్నదమ్ముల్ని పూడ్చింది. ఒక మనిషి కళ్లెదుట బతికుండగానే పోవడం మాత్రం అదే మొదటిసారి. ఎనిడ్ వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

ఎనిడ్ ఏడవలేదు. కప్పులో మిగిలిన టీ తాగేసి లేచింది.

“చేనుకి ఎంతసేపు పడుతుంది?” అని అడిగింది.

“నలభై నిమిషాలు.”

“ముప్పైలో తీసుకెళ్లు.”

కొక్కేనికి ఉన్న కోటు తీసుకుంది. గుమ్మం పక్కనున్న రబ్బరు బూట్లు వేసుకోవడానికి బల్ల మీద కూర్చుంది, వంగడం కష్టమై డోర్కాస్‌ని సాయమడిగింది. కూర్చోమని, వర్షం వచ్చేలా ఉందని, అక్కడికెళ్లి ఏం చేస్తావని ఆల్విన్ కుర్చీలోంచి అన్నాడు.

“ఆ గాడిలో దిగి కూర్చుంటాను,” అంది ఎనిడ్, ఆయనకు కాదు, డోర్కాస్‌కి. “మతిలేని ముసలిదాని మీద కాంక్రీటు పోస్తారేమో చూద్దాం.”

కారు సముద్రం రోడ్డు వదిలి పెద్ద రోడ్డెక్కింది. ఎనిడ్ నోటుబుక్కు మోకాళ్ల మీద తెరిచి పెట్టుకుంది. డోర్కాస్ మాటిమాటికీ కోలిన్‌కి ఫోను చేసింది, అతను ఎత్తలేదు. పన్నెండూ ఇరవైకి సందేశం ఒకటి వచ్చింది. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి కాబట్టి ఎనిడ్ కళ్లజోడు పైకి జరుపుకుని చదివింది. పోయడం మొదలైందట, తన చేతిలో లేదట, క్షమించమన్నాడు.

డోర్కాస్ కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. కారు నెమ్మదించింది.

“ఎటునుంచి పోస్తున్నారో అడగాలి,” అంది ఎనిడ్.

“గేటు తూర్పున ఉంది. తూర్పునుంచే పోస్తారు.”

ఎనిడ్ వేలు కాగితం మీద పెట్టింది. తూర్పు కొసనుంచి ఒక్కో గుర్తు మీదుగా, పెదాలు కదుపుతూ, మెల్లగా జరుపుకుంటూ వచ్చింది. దారి ఎంతుందో, లారీ ఎంత తొందరగా పోస్తుందో మనసులో లెక్కేసుకుంటోంది. నాలుగో గుర్తు దాటాక వేలు ఆపింది.

“మనం వెళ్లేసరికి ఏడుగురు మిగులుతారు,” అంది. “తొక్కు.”